నడిరోడ్డు రాళ్లు

ఐశ్వర్య నెత్తురు ఆరకముందే దాని మీద డస్టు పోశారు.

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే రోడ్డులో, నాపరాళ్ల పాలిష్ మిల్లుల ముందర, ఆ గుంత ఏండ్ల తరబడి ఉంది. ఊరు అర్జీలు పెట్టుకుంది. ఆఫీసర్లు వచ్చి ఫోటోలు తీసుకుపోయారు. గుంత మాత్రం వానవానకీ పెరిగింది. ఆ పొద్దున కాలేజీకి పోతున్న ఐశ్వర్య స్కూటీ అందులో పడింది. వెనకాల మోయలేనంత కంకర మోసుకొస్తున్న టిప్పరు ఆగలేకపోయింది. ఆ టిప్పరు కంట్రాక్టరు యశ్వంత్‌ది. పిల్లను ఆటోలోకి ఎక్కిస్తుండగానే అతని ఇంకో టిప్పరు వచ్చి, క్రషర్‌లో కంకర కొట్టగా మిగిలిన డస్టు ఒంపి, గుంతను చదును చేసి పోయింది. పోలీసులు వచ్చేసరికి అక్కడ గుంతే లేదు. తప్పంతా పిల్లదేనని రాసుకుని వెళ్లారు.

తల్లి శ్యామలమ్మ ఆ మిల్లులోనే బండలు మోసే కూలి. గేటు దగ్గర నిలబడి అంతా చూసింది. బిడ్డ పోతే ఏ తల్లికైనా కడుపు మండుతుంది. బిడ్డ పడిన చోటును కూడా మాయం చేస్తుంటే చూసిన తల్లికి ఏమవుతుందో ఆ రోజు ఆమెకు తెలిసింది. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపం వచ్చింది. అది మళ్లీ పోలేదు.

దినాలు కాకముందే ఊళ్లో సభ పెట్టారు. హైస్కూలు ఆవరణలో షామియానా వేశారు. పెద్దాఫీసరు మైకు పట్టుకుని మెత్తగా మాట్లాడాడు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందులను కలిపే రోడ్లన్నీ వెడల్పు చేస్తారట. మామూలు పద్ధతిలో అయితే ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేరట. జనం ఇంటిపన్ను మీద రోడ్డు సెస్సు కట్టడానికి ఒప్పుకుంటే మాత్రం ఏడాది తిరక్కుండా అయిపోతుందట. పక్క కుర్చీలో ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో యశ్వంత్ కూర్చున్నాడు. పని ఎవరికి దక్కుతుందో ఎవరూ అడగనక్కర లేదు.

ముందుగా భరద్వాజ్ అయ్యవారు లేచాడు. బడిపంతులుగా ఊళ్లో సగం మందికి చదువు చెప్పినవాడు. పోయినేడు భార్యను స్కూటర్ మీద ఆస్పత్రికి తీసుకుపోతూ, ఇదే రోడ్డులో వంతెన దగ్గర ఆమెను పోగొట్టుకున్నాడు.

"కడదాం అప్పా," అన్నాడు. "గవర్నమెంటు కాడ దుడ్లు లేవంటాండారు. ఉండాయో లేదో మనం తేల్చేలోపల ఇంకో బిడ్డ పోతాది. పన్ను పెద్దదా, పానం పెద్దదా?"

ఆ మాటలో కుట్ర లేదు. అందుకే అది చాలామంది గుండెకు తగిలింది. ఆడవాళ్లు కొందరు తలలూపారు.

ఇడుపులపాయలో చదువుకునే జాహ్నవి లేచి నిలబడింది. ఐశ్వర్యకు చిన్ననాటి స్నేహితురాలు.

"అయ్యవారూ, ఈ రోడ్డును తొక్కి పాడు చేసింది మన స్కూటీలా, వాళ్ల టిప్పర్లా? ఇరగ్గొట్టినోడు కట్టడంట. ఇరిగిన దాంట్లో పడి సచ్చేటోళ్లు కట్టాలంట. ఇదేం న్యాయం?"

"లోడు మీద లోడు ఎక్కించి తిప్పేటోళ్లకెయ్యండి మీ సెస్సు!" అని వెనక నుంచి అరిచాడు ఖాదర్. అతను గని కూలీల సంఘం నడిపేవాడు. "దుమ్ము మాకు, దుడ్లు వాళ్లకు, పన్ను మల్లా మాకేనా?"

గోల మొదలైంది. యశ్వంత్ నవ్వుతూ మైకు తీసుకున్నాడు. రోడ్డుకు ఐశ్వర్య పేరే పెడతామన్నాడు. ముందుగా తల్లి ఒప్పుకుంటే ఊరంతా ఒప్పుకున్నట్టేనన్నాడు. "రామ్మా శ్యామలమ్మా," అని శాలువా విప్పాడు.

శ్యామలమ్మ వేదిక ఎక్కింది. ఆమె శాలువాను చేత్తో పక్కకు తోసి, మైకు లాక్కుంది.

"రోడ్డు బాగుచేసేదానికి ఏండ్లు పడ్తాదంట. నా బిడ్డ సచ్చినంక ఆ గుంత ఎంతసేపట్లో పూడిందో నేను చూసినా. ఎవురి కాడ పన్ను తీసుకోని పూడ్సినావు యశ్వంతూ? మేం బతికుండేటప్పుడు నీకు తీరిక లేదు. సచ్చినంక మాత్రం పరిగెత్తుకోనొస్తివి!"

"కట్టం! కట్టం!" అని ఆవరణ అదిరిపోయింది. జనం పిడికిళ్లు పైకెత్తారు. ఆఫీసరు ఆ చేతుల వైపు చూసి, మెజారిటీ అంగీకరించారు, తీర్మానం ఆమోదం పొందింది అని మైకులో చదివి, కారెక్కి వెళ్లిపోయాడు. చేతులెత్తితే చాలు, ఎందుకెత్తారో వాళ్లకు పట్టదు.

శ్యామలమ్మ ఇంటికి పోలేదు. నేరుగా మిల్లుకు పోయి సమ్మెట తీసుకుని, యశ్వంత్ క్రషర్ దారి పట్టింది. ఖాదర్ ఎదురొచ్చి నిలబడ్డాడు.

"అడ్డం లెయ్ ఖాదరూ. వాని తలకాయ పగలగొట్టి జైలుకు పోతా."

"పగలగొట్టక్కా, నేనొద్దన్లే. ఆ మింద ఏమైతాది? వాని తమ్ముడొస్తాడు. మన తాతల కాన్నించి చేస్తాండేది అదే కద. వాళ్లు ఒకర్ని, మనం ఒకర్ని. క్రషర్ ఒక్క పూటన్నా ఆగిందా చెప్పు?"

"అయితే నోరు మూసుకోని ఉండమంటావా?"

"కక్ష తీర్చుకోవాల్సిందే. నీ ఒక్కదాని కక్ష వానికి ఆనదంటాండా. అందరి కక్షా కావాల."

ఆమె సమ్మెట కింద పెట్టలేదు. దారి పక్కనున్న నాపరాయి మీద కూలబడి, ఆ రాయిని అరిచేత్తో తడిమింది.

ఆ పల్లెల్లో ఒక ఆచారం ఉంది. కక్షల్లో కత్తికి బలైనవాడికి, పడిన చోటనే నాపరాయి పాతుతారు. సున్నం కొట్టి, పేరు చెక్కుతారు. అయినవాళ్లు ఆ దారిన పోయేటప్పుడల్లా దాన్ని చూస్తారు. ఎవడు చంపాడో మరిచిపోకుండా ఉండడానికే ఆ రాయి. రోడ్డు మీద చచ్చినవాళ్లకు మాత్రం ఎవరూ పాతరు. అది ఖర్మ అనుకుంటారు. చంపినవాడు ఎదురుగా లేనట్టే సరిపెట్టుకుంటారు.

"నా బిడ్డకు రాయి పాతాల," అంది శ్యామలమ్మ.

"పాతుదాం అక్కా. రోడ్డు పక్కన మంచి చోటు చూసి..."

"పక్కన కాదు. యాడ పడిందో ఆడ."

ఖాదర్ ముఖంలో ఒక నవ్వు పుట్టింది. అది మంచి నవ్వు కాదు.

కబురు మిల్లు నుంచి మిల్లుకు, గని నుంచి గనికి పాకింది. ఆరా తీస్తే ఆ రోడ్డులో ప్రతి గుంతకూ బలైన మనిషి ఉన్నాడు. ఒకామె మొగుడు, ఒకాయన చెల్లెలు, బడికి పోతున్న అన్నదమ్ములు. ఇన్నాళ్లూ ఎవరి చావును వాళ్లు విడిగా ఏడ్చుకున్నారు.

భరద్వాజ్ అయ్యవారు కూడా వచ్చాడు. "దారి మూస్తే ఆస్పత్రికి పోయేటోళ్లు ఎట్లరా?" అని ఖాదర్‌ను నిలదీశాడు.

"అంబులెన్సుకు, బస్సుకు, ఆటోకు సందిడుస్తాం సామీ. ఆ సందులో మనుషులం నిలబడ్తాం. టిప్పరుకు మాత్రం ఇడ్సం."

అయ్యవారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వంతెన కాడ రాయి నేను మోస్తా," అన్నాడు. పన్ను మాట మళ్లీ ఆయన ఎత్తలేదు.

ఆదివారం తెల్లవారేసరికి రోడ్డంతా జనమే. గడ్డపారలు లేస్తున్నాయి, పడుతున్నాయి. మిల్లుల్లో పగిలిన బండలు భుజాల మీద వచ్చాయి. గుంత గుంతకూ రాయి నిలబడింది. ఒక్క చోట మాత్రం తవ్వలేదు. మిల్లు ముందర డస్టు పోసిన చోట శ్యామలమ్మ బిడ్డ రాయిని పక్కన పెట్టుకుని కూర్చుంది. గడ్డపార పట్టినవాడినల్లా, వాడొచ్చేదాంక ఆగు అని వెనక్కి పంపింది.

టిప్పర్లు బారులు తీరి ఆగిపోయాయి. యశ్వంత్ జీపులో ఊగిపోతూ వచ్చాడు. ముందున్న డ్రైవరు కమాల్ బాషాను, టిప్పరును రాళ్ల మీదికి ఎక్కించి తొక్కమన్నాడు.

బాషా కిందికి దిగి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "నాతో కాదు సార్. ఆ రాళ్ల మింద పేర్లుండాయి." మిగతా డ్రైవర్లు కూడా ఒక్కొక్కరే దిగారు.

అప్పటికి జనం యశ్వంత్ చుట్టూ దగ్గరపడ్డారు. ఒక్కరూ చెయ్యి వేయలేదు. అతను పోవడానికి సందు మాత్రం ఇవ్వలేదు.

"కూచో," అంది శ్యామలమ్మ. "తీ."

"ఏంది తీసేది?"

"నీ డస్టు. నా బిడ్డ మింద పోసింది."

అతను తన మనుషుల కోసం చూశాడు. ఎవరూ కదల్లేదు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతులతో తవ్వడం మొదలుపెట్టాడు. కంకర అంచులకు గోళ్లు చీరుకుపోయాయి, తెల్లచొక్కా బూడిద రంగుకు తిరిగింది. గుంత ఎంత లోతుందో అందరికీ కనబడేదాకా ఆమె అతన్ని లేవనివ్వలేదు. ఆమె చూపులో జాలి లేదు. ఆమెకు సంతోషంగా ఉంది. ఆ సంతోషానికి ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేదు.

అప్పుడు ఆడకూలీలు రాయి ఎత్తి నిలబెట్టారు. నడిరోడ్డు మీద ఐశ్వర్య పేరు నిలబడింది.

మధ్యాహ్నానికి పోలీసు వ్యాన్లు దిగాయి. శ్యామలమ్మను, ఖాదర్‌ను పట్టుకున్నారు. ఏం కేసు అని జాహ్నవి అడిగితే, ప్రభుత్వ రోడ్డును పాడుచేశారు అన్నాడు ఎస్సై.

శ్యామలమ్మ పగలబడి నవ్వింది. "ఈడ రోడ్డుండాదని ఇయ్యాలన్నా ఒప్పుకుంటిరి!"

జనం ఎక్కువగా ఉన్నారని వాళ్లను దగ్గరి స్టేషన్‌కు తీసుకుపోలేదు. ముద్దనూరు మీదుగా పులివెందుల వైపు తిప్పారు. తొండూరు దగ్గర వ్యాను ఉన్నట్టుండి ఆగింది. ఎదురుగా నడిరోడ్డు మీద రాయి ఉంది. సున్నం ఇంకా తడిగానే ఉంది. కుంచె పట్టుకుని ఒక నడివయసు ఆడమనిషి పక్కన నిలబడింది.

"ఎవరిదిది? తీసెయ్యండి!" అని ఎస్సై దూకాడు.

"మా అన్నది సార్. ఈడనే పడినాడు. తియ్యం." ఆమె వ్యాను జాలీ వైపు చూసింది. "ఆ అక్కను యాడికి తీసుకపోతాండారు?"

"జైలుకు. నువ్వు కూడా పోతావా?"

"పోతా. మా ఊరోళ్లు శానా మంది ఉండారు, ఇంకో నాలుగు బండ్లు పిలిపించు."

శ్యామలమ్మ జాలీకి ముఖం ఆనించింది. ఆ మనిషెవరో ఆమెకు తెలియదు, పేరు కూడా తెలియదు.

"పాతమ్మా!" అని గొంతు చించుకుని అరిచింది. "పులివెందుల దాంకా పాతండి! ఒక్క గుంత కూడా ఇడ్సొద్దు!"

ఎస్సై వచ్చి తలుపు దబ్బున వేసి, డ్రైవర్‌ను వెనక్కి తిప్పమన్నాడు. డ్రైవరు అద్దంలో చూసి చేతులు స్టీరింగ్ మీద నుంచి తీసేశాడు. వాళ్లు దాటివచ్చిన రోడ్డు మీద కూడా జనం గడ్డపారలతో తవ్వుతున్నారు.