ఈగ వాలినంత దెబ్బ

పగలంతా ఊళ్ళోవాళ్ళ పొలాల కింద నీటి గొట్టాలు పూడ్చే పని ప్రెబెన్‌ది. పని అయ్యాక చేతులు కడుక్కుని, రై రొట్టె మీద కాలేయం ముద్ద పూసుకుని నిలబడే తిని, ఇంటి వెనక కొట్టంలోకి వెళ్ళి కత్తులు చేసేవాడు. ఇనుపవి కావు. వేసవిలో ఫర్ చెట్ల తోపులో వేషాలు కట్టుకుని ఆడే యుద్ధానికి కావలసిన ఫోమ్ కత్తులు. లోపల సన్నని గాజునార కడ్డీ, దాని చుట్టూ ఫోమ్ పొరలు, పైన రబ్బరు పాల పూతలు, ఆ పైన వెండి రంగు. కాస్త దూరం నుంచి చూస్తే కమ్మరి కొలిమిలోంచి వచ్చిందే అనిపించాలి. ఒంటి మీద పడితే దిండు తగిలినట్టుండాలి. ఈ రెండూ ఒకే కత్తిలో కుదరడం తేలిక కాదు.

తొందరపడి చేసిన కత్తిని అతను చేత్తో పట్టుకోకుండానే గుర్తుపట్టేవాడు. జిగురు రెండు వైపులా పూసి, వేలికి అంటుకోనంత వరకు ఆరనిచ్చి, అప్పుడు అతికించాలి. తడి మీద అతికిస్తే మొదటి వానకే పొరలు విడిపోతాయి. కడ్డీ కొసకు తోలు టోపీ తొడగకపోతే అది ఎప్పుడో ఒకప్పుడు ఫోమును పొడుచుకుని బయటికొస్తుంది. ఇక కత్తిని మొన మీద నిలబెట్టేవాడితో అయితే ప్రెబెన్ మాట్లాడడమే మానేసేవాడు. నలిగిన మొన మళ్ళీ లేవదు. కత్తిని పడుకోబెట్టాలి, లేదా పిడి దగ్గర కట్టి వేలాడదీయాలి.

వాళ్ళ దండులో ఒక ఆచారం ఉంది. కొత్త కత్తి తోపులోకి వెళ్ళేముందు ఎవరో ఒకరు చొక్కా చెయ్యి మడిచి, మోచేతి కింద ఉత్త చర్మం మీద దాని మొదటి దెబ్బ తినాలి. ప్రెబెన్ కత్తులకు ఆ చెయ్యి ఎప్పుడూ ఈవర్‌దే.

ఈవర్ ఇళ్ళకు రెల్లు కప్పులు వేసే పనివాడు. బడిలో ఒకే బల్ల మీద కూర్చున్న దగ్గర్నుంచి ఇద్దరికీ స్నేహం. స్నేహమంటే గంటకు నాలుగు మాటలు. తోపులో మాత్రం ఇద్దరూ ఎదురెదురు పక్షాలు. ఈవర్ గట్టుకోట దొర, ప్రెబెన్ బందిపోట్ల నాయకుడు.

ఆ వసంతంలో ప్రెబెన్ ఒక కొత్త రకం ఫోమ్ తెప్పించాడు. పాతదానికన్నా తేలిక. పొర మీద పొర వేసి, వేడిగాలి పట్టించి, అంచులు ఒక్క కోతలో దించి, ఎన్నో సాయంత్రాలు దాని మీదే పడ్డాడు. రంగు ఆరగానే ఈవర్‌ను పిలిచాడు.

"చెయ్యి పెట్టు."

"పోయినేడు నీ ఫోమ్ గొడ్డలి దెబ్బకు మచ్చ పడింది. ఎవత్తో కొరికిందనుకుంది మా ఆవిడ బోడిల్," అంటూ ఈవర్ చొక్కా మడిచాడు.

"నీ మొహానికి కొరికేవాళ్ళు కూడానా?"

"నువ్వు కొట్టవోయ్ ముందు."

ఈవర్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ప్రెబెన్ కొట్టాడు. ఈవర్ ఇంకా కిటికీలోంచే చూస్తున్నాడు.

"ఏంరా, పొద్దుపోయేదాకా నిలబెడతావా? కొట్టు."

"కొట్టాను కదరా."

ఈవర్ తన చెయ్యి చూసుకున్నాడు. "కొట్టావా? ఈగ వాలిందనుకున్నా."

ప్రెబెన్ పగలబడి నవ్వాడు. అతను అలా నవ్వడం అరుదు. ఇన్నేళ్ళ పనికి అంతకు మించిన మెప్పు అతనికి ఎవరూ ఇవ్వలేదు. ఈవర్ కూడా నవ్వాడు. నవ్వుతూ బల్ల మీది కాఫీ కప్పు అందుకోబోతే అది చేతిలోంచి జారి పగిలింది.

"ఈ మధ్య అన్నీ జారుతున్నాయి. ముసలాడినైపోయా," అన్నాడు ఈవర్.

"ఇప్పుడా అయింది?" అంటూ ప్రెబెన్ చీపురు తెచ్చి పెంకులు ఊడ్చేశాడు. ఊడుస్తున్నంతసేపూ అతని కళ్ళు కత్తి మీదే ఉన్నాయి.

వేసవి మొదట్లో యుద్ధం పెట్టుకున్నారు. తోపు మధ్య పలకలతో కట్టిన కోట, దాని ముందు కందకమని చెప్పుకునే చిన్న గుంట. ఈ ఆటలో దెబ్బలు లెక్కపెట్టేవాడు ఉండడు. తగిలిందా లేదా అన్నది తగిలినవాడే చెప్పాలి. చేతికి తగిలితే ఆ చెయ్యి పోయినట్టే. కత్తి వదిలేసి చెయ్యి వెనక్కి పెట్టుకోవాలి. తగిలీ తగలనట్టు ఆడేవాణ్ణి "దెబ్బలు మింగేవాడు" అంటారు. ఒకసారి ఆ పేరు పడితే ఇక వాడితో ఎవరూ తలపడరు. ఈవర్ దానికి పూర్తిగా ఎదురు. అంగీ అంచుకు తగిలినా తనకే తగిలిందని కూలిపోయేవాడు. "దొర చావాలంటే గాలి వీస్తే చాలు," అని కుర్రాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

కోట గుమ్మం దగ్గర ఇద్దరూ తలపడ్డారు. ప్రెబెన్ కొత్త కత్తి ఈవర్ కుడిచేతి మీద పడింది. ఈవర్ ఆగలేదు. మళ్ళీ పడింది. అయినా ఈవర్ డాలు ముందుకు తోసుకుంటూ వస్తూనే ఉన్నాడు.

వెనకనుంచి ఒక బందిపోటు అరిచాడు. "నాయకా, నీ కత్తి ఉత్తుత్తిదా? దొర గోక్కోవడం కూడా లేదు!"

అందరూ నవ్వారు. ప్రెబెన్‌కు చెవులు వేడెక్కాయి. నవ్వింది తనను చూసో, తన కత్తిని చూసో అతనికి అర్థం కాలేదు. మూడోసారి కొట్టాడు. గట్టిగానే కొట్టాడు. ఈవర్ చలించలేదు.

అప్పుడు ప్రెబెన్ వేషం మరిచిపోయి అరిచాడు. "ఈవర్! చెయ్యి పోయింది, కత్తి వదులు! ఎన్ని మింగుతావురా?"

ఆటలో ఎవరేం తిట్టుకున్నా అవి వేషానికి పోతాయి. పందీ అనొచ్చు, దొంగా అనొచ్చు. అసలు పేరు పెట్టి ఎవరూ పిలవరు. తోపంతా ఆగిపోయింది. కోట గోడ మీదివాళ్ళు కూడా విల్లులు దించారు.

"నాకు తగల్లేదు," అన్నాడు ఈవర్.

"మూడుసార్లు తగిలింది. అందరూ చూశారు."

ఈవర్ చుట్టూ చూశాడు. ఎవరూ అతని కళ్ళలోకి చూడలేదు. తన చెయ్యి చూసుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు. తర్వాత కత్తిని గడ్డి మీద జాగ్రత్తగా పడుకోబెట్టి, ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుని, అలాగే నడుచుకుంటూ తోపు దాటి తన బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆట నడిపే మెరెటె పరుగున వచ్చింది. "ప్రెబెన్, అది చెప్పడం నీ పని కాదు."

"నువ్వూ చూశావుగా."

"చూశాను. అయినా నీ పని కాదు."

ఆ తర్వాత ఈవర్ రాలేదు. ప్రెబెన్ పిలవలేదు. ఫోన్ తీసేవాడు, పక్కన పెట్టేవాడు. తప్పు చేసింది వాడు, వాడే మాట్లాడాలి అనుకున్నాడు మొదట. బార్లీ కోతల నాటికి ఆ మాట కొంచెం అరిగిపోయింది. తగలకుండానే కూలిపోయే మనిషి తగిలాక ఎందుకు నిలబడ్డాడన్న ప్రశ్న గొట్టాల గుంట తవ్వుతున్నప్పుడు వచ్చి పోతుండేది. అతను దాన్ని మట్టితో పాటే పక్కకు విసిరేసేవాడు.

చలి మొదలయ్యాక ఒక శనివారం బోడిల్ వచ్చింది. బండి వెనకనుంచి ఈవర్ డాలు, శిరస్త్రాణం, దుప్పట్లో చుట్టిన కత్తులు దించింది.

"ఇవి నీ దగ్గరే ఉంచు. ఎవరికైనా ఇచ్చినా సరే. ఇంట్లో కనపడుతుంటే ఆయనకు కష్టంగా ఉంది."

"మానేశాడా?"

"మానక? ఆ చేత్తో ఏం పడతాడు?"

ప్రెబెన్ ముఖం చూసి ఆమె ఆగింది. "నీకు తెలియదా? ఊళ్ళో పిల్లులకు కూడా తెలుసు."

"నాకెవరు చెప్తారు?"

"నిన్ను పలకరించేవాళ్ళుంటే కదా చెప్పడానికి." ఆమె కత్తుల మూట బల్ల మీద పెట్టింది. "మీ ఆట అయిన కొన్నాళ్ళకే. వంటకు వెలిగించిన కట్టెల పొయ్యి ఇనుప తలుపు మీద చెయ్యి ఆనించి నాతో మాట్లాడుతున్నాడు. మామూలుగా, కబుర్లు చెప్తూ. వాసన వస్తే నేను లాగాను. చర్మం తలుపుకే ఉండిపోయింది. ఆయన ఇంకా ఏమైంది అనే అడుగుతున్నాడు. మెడలో నరం నలిగిపోయిందట. ఏళ్ళ తరబడి కప్పుల మీద మెడ వంచి చేసిన పని మరి. ఆపరేషన్ చేశారు. కానీ ఆ చెయ్యి ఇక అంతే."

"అంతేనా?"

"వసంతంలోనే వచ్చుంటే దక్కేదన్నారు. స్పర్శ పోవడం మొదలైనప్పుడే ఎవరికైనా తెలియాల్సింది అన్నారు. ఆయనకే తెలియలేదు, ఇంకెవరికి తెలుస్తుంది?"

ప్రెబెన్ బల్ల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పెంకులు ఊడ్చిన చోటు ఇదే. మడిచిన చొక్కా చెయ్యి, కిటికీవైపు తిరిగిన మొహం, కొట్టు అన్న మాట, అన్నీ ఈ కొట్టంలోనే జరిగాయి. ఎవరికైనా తెలియాల్సిందంటే అది ఒక్కడికే తెలియాలి. వాడు ఆ రోజు పగలబడి నవ్వాడు.

"కోపంగా ఉన్నాడా నా మీద?" అన్నాడు.

"ఆయన చెప్పడు, నువ్వు అడగవు. మీ ఇద్దరికంటే నా బాతులు నయం, వేళకి అరుస్తాయి." బండి ఎక్కుతూ అంది, "కాఫీ మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది."

మర్నాడు ప్రెబెన్ వెళ్ళాడు. వట్టి చేతులతో వెళ్ళలేక ఆ తేలిక కత్తి పట్టుకుని వెళ్ళాడు. ఈవర్ పెరట్లో బాతులకు గింజలు వేస్తున్నాడు, ఎడం చేత్తో. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. ఎవరో దాన్ని అక్కడ పెట్టి మరిచిపోయినట్టుంది. గోడవారన, కప్పుకు ఎక్కని రెల్లు మోపులు పట్టా కింద చెమ్మగిల్లి పడున్నాయి.

"వచ్చావా."

"వచ్చాను."

"పడమటి గాలి."

"అవును, వాన పడేట్టుంది."

బాతులు గింజలన్నీ తినేశాయి. ప్రెబెన్ కత్తిని తిప్పి, పిడి ఈవర్‌వైపు పెట్టాడు.

"కొట్టు."

"దేనికి?"

"ఊరికే. కొట్టు."

ఈవర్ పిడిని చూశాడు. తర్వాత గింజల గిన్నె కింద పెట్టి ఎడం చేత్తో కత్తి అందుకున్నాడు. ఆ చేతికి కత్తి అలవాటు లేదు. ఊపు వంకరగా వచ్చింది. మొన ప్రెబెన్ భుజానికి జానెడు దూరంలోంచి పోయి గాలిని కోసింది.

ప్రెబెన్ కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "తగిలింది."

"తగల్లేదు."

"చెప్పాల్సింది నేను. నాకు తగిలింది."

ఈవర్ కత్తి దించాడు. అతని గొంతు పెరగలేదు. "నీ దగ్గర నేను ఒక్క దెబ్బ మింగలేదురా. ఒక్కటంటే ఒక్కటి. అందుకని నువ్వు తగలని దెబ్బ తీసుకోకు. అది నాకు అక్కర్లేదు."

"తెలుసు."

"ఇప్పుడు తెలుసు."

ఈవర్ రెల్లు మోపుల మీద పొడిగా ఉన్న చోటు చూసి, కత్తిని మొన నలగకుండా మెల్లగా పడుకోబెట్టాడు.

"అయినా నువ్వన్నది నిజమే. చెయ్యి పోయిందన్నావు. పోయింది," అన్నాడు.

"నేనన్నది అది కాదు..."

"ఈగ అన్నాను గుర్తుందా, నీ కొట్టంలో?"

"ఉంది."

"నువ్వు నవ్వావు."

"నవ్వాను," అన్నాడు ప్రెబెన్.

"నేనూ నవ్వానులే," అన్నాడు ఈవర్.

లోపలినుంచి బోడిల్ కాఫీకి పిలిచింది. ఈవర్ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. ప్రెబెన్ ఇంకా చెయ్యి వెనక్కి పెట్టుకునే ఉన్నాడు.

"ఆ చెయ్యి ముందుకు తెచ్చుకో. ఎడం చేత్తో కప్పు పట్టడం నాకే రావట్లేదు, నీకేం వస్తుంది?"

కాఫీ తాగుతున్నంతసేపూ ఇద్దరూ వాన గురించే మాట్లాడుకున్నారు. వచ్చే వేసవి మాట ఎవరూ ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు ప్రెబెన్ కత్తి తీసుకోబోతే ఈవర్ వద్దనలేదు, ఉంచమనీ అనలేదు. ప్రెబెన్ దాన్ని బండి వెనకసీటు మీద పొడుగ్గా పడుకోబెట్టుకుని ఇంటికి వచ్చాడు. కొట్టంలో పిడి దగ్గర కట్టి మేకుకు వేలాడదీశాడు. పక్కన ఇంకో కత్తి సగంలో ఉంది, జిగురు ఎప్పుడో ఆరిపోయింది. దాన్ని తీసి తన మోచేతి కింద తానే ఒకటి వేసుకున్నాడు. తగిలింది. ఇంకోటి వేసుకున్నాడు. అదీ తగిలింది.