కుర్చీ వెనక దేవమ్మ

సోమయ్య ప్యాంటు మడత మరోసారి సరిచేసుకొని ఇనుప కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా స్టూలు మీద, నీళ్ల సీసాకు ఆనించిన ఫోను. క్యాన్సర్ ఆసుపత్రి తరఫున జెనిఫర్ అనే ఫిజియోథెరపీ అమ్మాయి అందులోంచే పెద్దవాళ్ల చేత వ్యాయామం చేయిస్తుంది. మెట్టుగూడలో బతుకంతా బండి దగ్గర నిలబడి జనం బట్టలు ఇస్త్రీ చేసిన మనిషాయన. ఆడపిల్ల ముందు లుంగీతో కాళ్లూ చేతులూ ఆడించడం ఏం మర్యాదని, క్లాసు రోజున ప్యాంటూ చొక్కా వేసుకుంటాడు. పేగు క్యాన్సర్‌కి వాడిన మందులతో కండంతా కరిగి ఆ ప్యాంటు బెల్టు బిగించినా నిలవడం లేదు.

కుర్చీ వెనక నేల మీద ఆయన భార్య దేవమ్మ ఒదిగి కూర్చుంది. మొదటి వారం ఆయన లేవబోయి తూలితే నడుముకు చెయ్యి ఆనించింది. ఆ చెయ్యి ఇంతవరకూ తీయలేదు. మొగుడికి సాయం చేయడం మోసమెలా అవుతుందో ఆమెకు తట్టనే లేదు. సోమయ్యకు తట్టింది గానీ, బాగా చేస్తున్నారంటూ ఆ పిల్ల మెచ్చుకుంటుంటే నోరు పెగల్లేదు.

సైనిక్‌పురిలో పసిపిల్లల్ని చూసుకునే చోట దేవమ్మ ఆయా; కొన్నాళ్లుగా పనికి పోవడం లేదు. ఇవాళ మధ్యాహ్నం కూడా రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. ఒంటరిగా లేవలేని మనిషిని వదిలి ఎలా పోతుంది? మానేస్తానని చెప్పడానికే సిద్ధపడింది. పిల్లల అల్లరి లేక ఆమె ముఖం వాడిపోవడం సోమయ్య చూస్తూనే ఉన్నాడు. తన వల్లే కదా అని ఆయన ప్రాణం ఉసూరుమంటోంది.

"లేవండి అంకుల్."

లేచాడు.

జెనిఫర్ ఫోనుకు దగ్గరగా వంగింది. "అంకుల్, మీరు లేచినప్పుడల్లా గాజుల సౌండ్ వస్తుందేంది?"

సోమయ్య తన బోసి చేతులు చూసుకున్నాడు.

"మా ఇంటామె మేడమ్," అన్నాడు చివరికి. "ఎన్కకెల్లి నూకుతది."

జెనిఫర్ పకపకా నవ్వింది. "ఆంటీ, ఇటొచ్చి ఫోన్ పక్కన కూర్చోండి. చేతులు ఒళ్లో పెట్టుకోండి."

"పడితే ఎట్ల బిడ్డా?"

"కుర్చీ గోడకు ఆనించండి. సీటు మీద దుప్పటి మడతేసి ఎత్తు చేయండి. అంకుల్, పాదాలు వెనక్కి జరపండి. ముందు బాగా వంగి, తర్వాత లేవండి."

దేవమ్మ కుర్చీ గోడకు జరిపి, దుప్పటి మడతేసి, వచ్చి ఫోను పక్కన కూర్చుంది. వంగడమా! కాలరు నలగకుండా ఇస్త్రీపెట్టె మీద బరువంతా మోపినప్పుడు వంగినట్టు వంగాడు. తొడలు వణికి కూలబడ్డాడు. దేవమ్మ చేతులు గాల్లోకి లేచాయి.

"జెర ఆగు. నువ్వు రాకు," అని మళ్లీ వంగాడు.

ఈసారి ఒళ్లు దుప్పటిని వదిలింది. మోకాళ్లు మెల్లగా నిటారయ్యాయి. సోమయ్య తనంతట తాను నిలబడ్డాడు.

దేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చేసింది. "ఇన్ని దినాలు నేనే నిన్ను లేవనియ్యలే గదయ్యా!"

"అయిందేదో అయింది. పరేషాన్ గాకు. నడువ్, పిలగాండ్లు నీకోసం చూస్తరు."

మధ్యాహ్నం అన్నం గిన్నె మీద మూత పెట్టి, గుమ్మం దాటి, రెండుసార్లు వెనక్కి చూసి వెళ్లింది దేవమ్మ. ఆమె వీధి మలుపు తిరిగేదాకా సోమయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆయన జబ్బుపడ్డప్పటినుంచీ, తలుపు తీయబోయి పడతాడన్న భయంతో, కూరగాయలకు వెళ్లినా ఆమె బయట తాళం వేసుకునే పోయేది. ఆ తాళంకప్ప ఇవాళ కిటికీ గట్టు మీద, తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.