జాముల బల్ల మీద రాకెట్ గుండు

పెళ్లై కల్లింగా అనే పల్లెకు వచ్చిన నాటి నుంచీ డోరీన్ ఏటా వ్యవసాయ ప్రదర్శనకు ఏదో ఒకటి మోసుకెళ్తూనే ఉంది. కేకు పట్టుకెళ్తే మధ్యలో కుంగిపోయేది. గుమ్మడికాయ పట్టుకెళ్తే పక్కవాళ్లది దానికి తాతలా ఉండేది. ఆడపడుచు నెరీడా ఆప్రికాట్ జాముకు మాత్రం మొదటి బహుమతిగా ఇచ్చే నీలం రిబ్బను ఏటా రాసిపెట్టినట్టే వచ్చేది. ఆ రిబ్బన్లన్నీ వంటింటి గోడకు తగిలించి, ఇంటికి ఎవరొచ్చినా నెరీడా ముందుగా అక్కడే కూర్చోబెట్టేది. డోరీన్‌కు ఒళ్లు మండిపోయేది. చచ్చేలోగా ఒక్క రిబ్బనైనా కొట్టాలి, అంతే.

ఈ ఏడు ఆమె గొర్రెల మేతబీడులో ఆకాశం నుంచి ఒక లోహపు గుండు పడింది. ఏదో రాకెట్లోని ఖాళీ ఇంధనపు ట్యాంకని, ప్రమాదమేమీ లేదని పట్నం నుంచి వచ్చిన నిపుణుడు తేల్చాడు. బండి పంపేదాకా ముట్టుకోవద్దన్నాడు. అప్పటికే డోరీన్ దాన్ని సబ్బుతో తోమి తళతళలాడించేసింది. ఆ మర్నాడే ప్రదర్శనకు ఎత్తుకెళ్లింది.

"దీన్ని ఏ విభాగంలో పెట్టమంటావు తల్లీ?" అని తల పట్టుకున్నాడు కమిటీ అధ్యక్షుడు క్లెమ్. "పండించావా? వండావా? కుట్టావా?"

"నా బీడులో పడింది, నేను తోమాను. గుమ్మడికాయని మాత్రం నువ్వు కన్నావా ఏంటి? దానంతటదే పెరిగింది!"

కమిటీ టీ మీద టీ తాగుతూ నిబంధనలు తిరగేసింది. ఆ గుండు ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో అడగాలని ఒక్కరికీ తోచలేదు. చివరికి జాములు, పచ్చళ్ల విభాగం కలిసొచ్చింది. అందులో పెట్టే సీసాకు గాలి చొరబడకుండా మూత బిగించి ఉండాలట. ఇంతకన్నా గట్టిగా బిగించిన సీసా కల్లింగాలో ఇంకా పుట్టలేదు.

ప్రారంభోత్సవానికి వచ్చిన ఎంపీ, మానవ జిజ్ఞాస గురించీ, నక్షత్రాల దాకా సాగే కలల గురించీ ఊదరగొట్టాడు. తరువాత పొట్టేలుతో ఫోటో దిగి, బ్రెడ్డులో చుట్టిన సాసేజీ తిని, గుండు వైపు కన్నెత్తైనా చూడకుండా కారెక్కాడు.

జడ్జి చెంచా పట్టుకుని గుండు చుట్టూ తిరిగింది. తట్టి చూసింది. చివరికి చీటీ రాసి అంటించింది: "మూత అద్భుతం. రుచి చూడలేకపోయాం. మూడో బహుమతి."

డోరీన్ కాళ్లు నేల మీద నిలవలేదు. రిబ్బను పట్టుకుని, ఆడపడుచు ముఖం మాడిపోతే కళ్లారా చూద్దామని వెతుక్కుంటూ వెళ్లింది. నెరీడా గుండుకు చెవి ఆనించి నిలబడి ఉంది. వెనకాల జనం లైను కట్టారు. మొదటి బహుమతి జాము దగ్గర మనిషన్నవాడు లేడు.

"ఏంటి వదినా, నీ జాముకి ఈగల్ని కాపలా పెట్టొచ్చావా?"

"ష్, ఉండవే! ఇది భూమి చుట్టూ ఎన్నిసార్లు తిరిగుంటుందే? నేను పెర్త్ పట్నం దాటి ఎరగను. పైనుంచి దీనికి మన కల్లింగా కనబడి ఉంటుందంటావా?"

డోరీన్ నాలుక చివర సిద్ధంగా ఉన్న దెప్పిపొడుపు అక్కడే ఆగిపోయింది. గుండునంతా మూలమూలలా తోమింది తనే. ఈ మాట తనకెందుకు తట్టలేదు? సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది.

"కనబడే ఉంటుంది," అంది మెల్లగా. "మన ఇళ్ల రేకులు ఎండకి మెరుస్తాయిగా. కాస్త జరుగు వదినా, నన్నూ విననీ."

ఇద్దరూ చెరోవైపు చెవి ఆనించారు. లోపల చప్పుడేమీ లేదు. అయినా లైనులోవాళ్లు గోల పెట్టేదాకా కదల్లేదు. రిబ్బను ఎక్కడ జారిపోయిందో డోరీన్‌కు మర్నాటిదాకా గుర్తే రాలేదు.