పడవలోంచి కనబడే ఇల్లు

నబ్రా వేసిన బొమ్మ బాగోలేదని కైరోలో అన్నవాళ్లు లేరు. అన్నా ఆవిడ వినే రకం కాదు, అది వేరే సంగతి. అలాంటి మనిషి ఈసారి బొమ్మను ప్రదర్శనకు పంపకుండా, లారీకెత్తించి పన్నెండు గంటలు ప్రయాణం చేసి, కోమ్ ఓంబో దగ్గర ఊళ్లు మునిగిపోయిన నూబియా వాళ్లకు సర్కారు కట్టించిన కొత్త ఊరికి తెచ్చింది. దహీబా మేనత్త చూసి "ఇది మన ఇల్లే" అనాలి. అనకపోతే బొమ్మ ప్రదర్శనలో పెట్టేది లేదు. ఈ పంతం ఆవిడకు ఎవరూ నేర్పలేదు, తనే నలుగురి ముందూ అనేసింది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అరవై ఏళ్ల కిందట ఆనకట్ట కట్టినప్పుడు ఊరితో పాటు నీళ్ల పాలైంది. నబ్రా అప్పటికి పుట్టనే లేదు. దహీబాకు తండ్రి, నబ్రాకు తాత అయిన పెద్దాయన చెబుతుంటే విని పెరిగింది. అలెగ్జాండ్రియాలో వంటవాడిగా బతుకంతా అరగదీసిన ఆయన, ఇంటి ఊసెత్తితే ఎదుటివాడి టీ చల్లారిపోవాల్సిందే. తెల్లటి గోడ, తలుపు పైన మట్టిలో పొదిగిన మూడు పింగాణీ పళ్లాలు, పక్కన మొసలి బొమ్మ, ముందు పొడుగాటి అరుగు. ఆయన చెప్పినవన్నీ పొల్లుపోకుండా వేసింది నబ్రా. తప్పు పట్టడానికి ఏమీ లేదని ఆవిడ ధీమా.

బొమ్మను వాకిట్లో గోడకు ఆనించారు. దహీబా ముక్కాలి పీట వేసుకుని తీరిగ్గా చూసింది. పాత ఊళ్లోనూ పక్కింట్లోనే ఉన్న షాయా పిలవకపోయినా టీ పట్టుకొచ్చింది.

"ఇల్లు లక్షణంగా ఉందే," అంది దహీబా. "ఎవరిదిది?"

"వేళాకోళం చాల్లే అత్తా. ఆ పళ్లాలు చూడు. నీలం అంచుది మధ్యలో."

"నాకు చెబుతావేంటే? వాటిని పొదిగింది మా అమ్మ, మట్టి తొక్కింది నేను. నేనడిగేది అది కాదు. ఇది వేసేటప్పుడు నువ్వు ఎక్కడ నుంచున్నట్టు?"

"ఇంటి ముందు."

"మన ఇంటి ముందుండేది నది కదే. పీకల్లోతు నీళ్లలో నుంచుని వేశావా?"

షాయా టీ పళ్లెం కింద పెట్టి మరీ నవ్వింది. "మీ కైరో పిల్లకి ఈతొచ్చేమో వదినా."

"తాత ఇలాగే చెప్పాడు," అంది నబ్రా.

"ఎందుకు చెప్పడు? రెండేళ్లకోసారి సెలవు మీద స్టీమర్లో వచ్చేవాడు. ఆయనకి ఇల్లంటే పడవలోంచి కనబడేదే. గోడ, పళ్లాలు, అరుగు మీద మేము. ఇది మా నాన్న ఇల్లు, కాదనను. మా అమ్మ నన్ను పడవ ఎక్కనిస్తేగా! పన్నెండేళ్లు ఆ అరుగు మీదే కూర్చున్నా. ఇల్లు నా వీపు వెనకుండేది. నీళ్లలోంచి దాని మొహం నేను చూసింది ఒకే ఒక్కసారి, ఊరు ఖాళీ చేయించి మమ్మల్నందర్నీ స్టీమరెక్కించిన రోజు. సరిగ్గా ఇలాగే కనబడింది. దీన్ని చూసి మన ఇల్లని ఎలా అనమంటావే?"

అన్నేళ్లు విన్న మాటల్లో అత్త ఎక్కడ కూర్చుందో ఒక్కసారైనా అడగలేదని నబ్రాకు సిగ్గేసింది. కానీ సిగ్గుతో కూలబడే మనిషి కాదుగా. లారీలోంచి కొత్త కాన్వాసు దింపించి, అత్త పక్కనే చతికిలబడింది.

"అరుగు మీద నుంచి ఏం కనబడేదో చెప్పు."

నాలుగు రోజులు పట్టింది. అవతలి ఒడ్డున ఖర్జూరం చెట్టు ఎవరిదన్న దగ్గరే ఒక పూట గడిచిపోయింది. "అది మాదే," అంది షాయా. "మీదైతే కాయలు మేమెలా తిన్నామే?" అంది దహీబా. "దొంగతనంగా తిన్నారు," అంది షాయా. నబ్రా తన పాటికి వేసుకుపోయింది. ఇసుక, నీళ్లు, అవతలి చెట్లు, నది మలుపు దగ్గర స్టీమరు పొగ.

"ఇంతా చేసి ఇల్లేదీ?" అంది షాయా.

"పొగ మరీ దగ్గరగా ఉందే," అంది దహీబా, నబ్రాతో. "ఇంకా దూరం పెట్టు. కనబడీ కనబడనట్టు. ఆ మాత్రం కనబడితే చాలు, నాన్న వస్తున్నాడేమోనని మా అమ్మ లేచి నుంచునేది."

నబ్రా గుడ్డతో ఆ పొగను తుడిచేసి, చిటికెన వేలితో ఇంకా అవతల, ఆకాశం అంచున చిన్న మరక పెట్టింది. పక్కకు తప్పుకుంది.

దహీబా లేచి నుంచుంది. ఎందుకు లేచిందో ఆవిడకే తెలియదు.

"మన ఇల్లే," అంది.