పేర్రాజుగారు బిగించిన మర

వైశాఖమాసపు టెండలకు సన్నగిల్లిన గోదావరి యొడ్డు విడిచి నడిమికి జరిగి యొక్క పాయగా మాత్రము మెల్లఁగాఁ బ్రవహించుచుండ నది విడిచిన విశాలసైకతస్థలమున రాజమహేంద్రవరపు వర్తకులు తాటియాకుల పందిరి వేయించి వట్టివేళ్ల తడకలు కట్టించి నీళ్లు చల్లించి మూలమూలల మజ్జిగ కుండలు నిలిపి యాత్రేయపురము మృత్యుంజయ భాగవతులుగారి గానసభకు సర్వజనులను రుసుము లేకయే యాహ్వానించిరి. ప్రొద్దు వాలిన పిమ్మట పడమటిగాలి యిసుకమీఁదుగా వేఁడి నిట్టూర్పులు విడుచుచు వచ్చి తడకలలో దూఱి చల్లనై జనుల మేనులకు సోఁకుచుండెను.

ఆ సభకు లంకగ్రామములనుండి పడవ నెక్కి వచ్చినవారిలో నివటూరి పేర్రాజుగారొకరు. ఆయనకు భాగవతులవారి పాట యనిన ప్రాణము. ఆ గాయకశిఖామణి ముఖ మెన్నఁడును జూచి యెఱుఁగకున్నను ఆయన కల్యాణిరాగమునఁ బాడిన కీర్తనము గల గ్రామఫోను ప్లేటు నొకదాని సంపాదించి ప్రతిసాయంకాలమును దమ యరుఁగుమీఁద నూరివారినందఱఁ గూర్చుండఁబెట్టుకొని వినిపించి గొంతనఁగా నిది యని తీర్పు చెప్పుచుండెడివారు. చరణ మందుకొనుటకు ముందు భాగవతులవారు ఫిడేలు వాయించువానితో మెల్లఁగా "కానీ తండ్రీ" యనుటయు నా ప్లేటులోఁ బడిపోయెను. ఆ మాట వచ్చినప్పుడెల్ల నూరివారు ముసిముసి నవ్వులు నవ్వెడివారు. పేర్రాజుగారు మాత్రము కన్నులు మూసికొనెడివారు.

అయితే ఆయన కభిమాన మెంత గలదో యనుమానమును నంత గలదు. పాలవాఁడు చెంబు దింపకమున్నే వ్రేలు ముంచి చూచుట యాయన నిత్యకృత్యము. గ్రామఫోను కొన్ననాఁడు గొంతు బరువుగాను నెమ్మదిగాను వచ్చుటఁ జూచి యంగడివాఁడు పనికిమాలిన పెట్టె నంటఁగట్టినాఁడని నిశ్చయించి వేగము దిద్దెడు మరను స్వహస్తముతోఁ బట్టి గొంతు సన్నమై చుఱుకుగాఁ బలుకువఱకును బిగించి మోసమును సరిచేసికొంటిమని మీసము దువ్వుకొనిరి. అట్టివారి మనస్సులో సభకు రుసుము లేదనఁగానే ముల్లు గ్రుచ్చుకొన్నది. వర్తకు లూరక యేల పెట్టుదురు? పందిరిలో నిచ్చిన మజ్జిగను సైతము ముందుగా బావమఱఁది విస్సన్నచేఁ ద్రాగించి యతఁడు నిక్షేపముగా నుండుటఁ జూచిన పిమ్మటఁ దాము పుచ్చుకొనిరి.

ఇంతలో భాగవతులవారు వేదిక నెక్కిరి. స్థూలకాయము నెరసిన జుట్టు మెడలో రుద్రాక్షమాల. వెనుకనే వృద్ధుఁడైన ఫిడేలు విద్వాంసుఁడు వచ్చి కూర్చుండెను. తంబుర మ్రోగెను. కల్యాణి మొదలయ్యెను. గంభీరమును మంద్రమును నైన యా గాత్రము తొందర యనునది యెఱుఁగక యొక్కొక్క స్వరముమీఁద నిలిచి సేదదీరి కదలుచుండ సభ యెల్లఁ దలలూఁచుచుండెను. పేర్రాజుగారి తల మాత్ర మూఁగలేదు.

"విస్సన్నా, ఈయన ఆయన కాడురా."

"అదేమిటి బావగారూ, మీరాయనను ఎన్నడూ చూడనే లేదు గదా."

"చూడకేమి, విన్నాను. ఆ గొంతు సన్నని తీగవలె సాగుతుంది. ఇది కుండలో మాటాడినట్లున్నది. డబ్బు పుచ్చుకోని సభకు అసలువానిని ఎవడు తెస్తాడు?"

ఈ మాట ప్రక్కవాని చెవిఁ బడెను. అతఁడు వెనుకవానితోఁ జెప్పెను. గుసగుసలు పందిరియంతటను వ్యాపించి కొందఱు పంచెల యిసుక దులుపుకొని లేవసాగిరి. పేర్రాజుగారికిఁ గోపముకంటె దుఃఖ మెక్కువగా నుండెను. చావకముందొక్కమా ఱా గొంతు నెదుటఁ గూర్చుండి వినవలయునని యెన్నియేండ్లుగానో కోరుకొన్నవాఁ డిప్పుడు వినకయే యిల్లు చేరవలసివచ్చునేమో! తుదకుఁ బట్టలేక పల్లవి ముగియుచుండఁగా లేచి నిలువఁబడిరి.

"అయ్యా, తమరు మృత్యుంజయ భాగవతులుగారు కారు."

భాగవతులవారు తంబుర నాపించి యాయనవంకఁ దేఱిపాఱఁ జూచిరి.

"కాకపోతే ఆయన యెట్లు పాడుతారో వినిపించు నాయనా. నేనూ నేర్చుకుంటాను."

పేర్రాజుగారు వెనుదీయలేదు. గొంతు సన్నము చేసి ప్లేటులో విన్నది విన్నట్లు తఱుముకొనుచుఁ బల్లవి పాడి యనుపల్లవి పాడి చరణమునకు ముందు మఱవక "కానీ తండ్రీ" యనిరి. సభ గొల్లుమన్నది. భాగవతులవారు నవ్వలేదు. ఫిడేలు విద్వాంసుఁడు కమాను దింపి యుత్తరీయముతోఁ గన్ను లొత్తుకొనుచుండెను.

"వీడు మా తమ్ముడు నాయనా. ప్లేటు పట్టిననాడు ఆ గదిలో బెదరిపోయి తడబడుతూ ఉంటే ఆ మాటతో ధైర్యం చెప్పాను. ఇన్నేళ్లకు దానిని బట్టీ పట్టినవాడు నీవొక్కడివి కనిపించినావు. పాట నాదే. ఆ తొందర మాత్రం నాది కాదు. మీ పెట్టె మర ఎవరైనా బిగించినారా?"

పేర్రాజుగారు పలుకకమున్నే విస్సన్న "మా బావగారేనండి" యనెను.

భాగవతులవా రాయనను ముందునకుఁ బిలిపించి వేదికచెంతఁ గూర్చుండఁబెట్టుకొనిరి. లేచినవారందఱు మరలఁ గూర్చుండిరి. కీర్తనము మొదటినుండి సాఁగెను. చరణ మందుకొనుటకు ముందు భాగవతులవారు తమ్మునివంక గాక పేర్రాజుగారివంకఁ జూచి "కానీ తండ్రీ" యనిరి. పేర్రాజుగారు సభ యని యెంచక భోరున నేడ్చిరి.

మఱునాఁటి సాయంకాల మూరివారరుఁగుమీఁదఁ గూడఁగాఁ బేర్రాజుగారు మరను వదలించి ప్లేటు వేసిరి. గంభీరమగు గొంతు నెమ్మదిగా బయలువెడలెను. ఊరివా రొకరి మొగము లొకరు చూచుకొనిరి. తుదకు వారిలోఁ బెద్దవాఁడైన సూరన్న లేచెను.

"ఈ గొంతు ఆయనది కాదండి పేర్రాజుగారూ. పట్నంలో ఎవరో ప్లేటు మార్చేసి మిమ్మల్ని మోసం చేసినారు."

"ఇదే అసలు గొంతు సూరన్నా. నా చెవులతో విని వచ్చాను."

"అసలు గొంతేదో మాకు నేర్పినది తమరే గదండి."

ప్లేటు తిరుగుచునే యుండెను. "కానీ తండ్రీ" యను మాట మెల్లఁగా దయతో వినవచ్చెను గాని యెవ్వరును నవ్వలేదు. ఒక్కొక్కరుగా లేచి తమలోఁ దాము గుసగుసలాడుకొనుచు వెడలిపోయిరి. పెట్టెలోని మర చేయి పెట్టఁగానే వదులైనది. ఊరివారి చెవులలోఁ దాము బిగించిన మర కెక్కడఁ జేయి పెట్టవలయునో పేర్రాజుగారికిఁ దెలియలేదు.