నా కడుపులో పులస ముక్క

నేను ఒక ఫ్రీజర్ని. ఐస్‌క్రీములు పెట్టుకునే రకాన్ని కాదు, కాస్త మర్యాదగా చూడండి. మైనస్ ఎనభై డిగ్రీలు నా స్వభావం. గోదావరి ఒడ్డున ఒక మానసిక వైద్య పరిశోధనశాలలో పద్నాలుగేళ్ళు మనుషుల మెదడు ముక్కల్ని కాపాడాను.

ఎక్కడో చలిదేశంలో పుట్టి ఓడెక్కి వచ్చాను. దిగిన రోజే కొబ్బరికాయ కొట్టి, నా తలుపుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. అంత చదువుకున్నవాళ్ళు! నాకు మాత్రం నచ్చింది, అబద్ధమెందుకు.

చనిపోయినవాళ్ళ మెదళ్ళలో కొవ్వులు కొలవడం డాక్టర్ భ్రమరాంబ గారి పని. మనసు జబ్బున్నవాళ్ళలో, చేపల్లో దొరికేలాంటి మంచి కొవ్వు తక్కువేమోనని ఆవిడ అనుమానం. నలభయ్యో నంబరు ముక్క పేర్రాజుది. ఎవరో పిలుస్తున్నారని ఉలిక్కిపడుతూ ఇరవయ్యేళ్ళు బతికాడు పాపం. తమ్ముడికి నయం కావాలని మొక్కుకుని, అతని అక్క వీరవేణి ఇంట్లో చేపలు మానేసింది. అతను పోయాక ఎవరో అన్నారట, చేపలు మెదడుకి మంచివని. ఇక ఆమెకి కంటిమీద కునుకు లేదు. నెలనెలా బస్సెక్కి వచ్చి అడిగేది ఒక్కటే: "నా మొక్కే ఆణ్ణి బాగుపడనివ్వలేదాండీ?"

ఆ శ్రావణంలో అటెండరు నూకరాజుకి వియ్యంకుడు పులస చేప పంపాడు. ఇంట్లో ఫ్రిజ్ చెడిపోయింది. నంబరు వేయకుండా, రిజిస్టరులో రాయకుండా నాలో ఏదీ పెట్టకూడదని గోడమీద రాసి ఉంది. నూకరాజు నిజాయితీ అంతా ఇంతా కాదు. పులస ముక్కని వెండికాగితంలో చుట్టి, శ్రద్ధగా నలభై ఒకటి అని వేశాడు. రిజిస్టరులో జబ్బు అన్నచోట 'ఏమీ లేదు' అని కూడా రాశాడు. నిజమే కదా! మర్నాడు జ్వరమొచ్చి వారం రోజులు మంచమెక్కాడు.

ఈలోగా ల్యాబువాళ్ళు వరసలో ఉన్న నలభై ఒకటిని నూరి కొలిచేశారు. ఫలితం చూసి భ్రమరాంబ గారు కుర్చీలోంచి లేచిపోయారు. జబ్బు లేని నలభై ఒకటిలో చేప కొవ్వు పొంగిపొర్లుతోంది! పేర్రాజులో ఉన్నది దాని ముందు ఏపాటి? నేను గుర్రుగుర్రుమని మొత్తుకున్నాను. మోటారు పాతబడిందన్నారు తప్ప ఒక్కరూ పట్టించుకోలేదు.

అప్పుడే వీరవేణి వచ్చింది. డాక్టరుగారు కాగితం పట్టుకుని, "అమ్మా, మీరడిగినదానికి..." అంటూ మొదలుపెట్టారు. ఆమె ముఖం పాలిపోయింది. జ్వరం తగ్గి ఆవేళే పనిలోకొచ్చి, నలభై ఒకటిని కొలిచేశారని విన్న నూకరాజు టీ గ్లాసులతో గుమ్మంలో ఉన్నాడు. చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే వీరవేణి బతికినన్నాళ్ళూ ఏడుస్తుంది.

"మేడమ్ గారూ, నలభై ఒకటి మనిషి కాదండి. పులసండి."

భ్రమరాంబ గారు తల పట్టుకున్నారు. తిట్టారు, బాగానే తిట్టారు. ఆ నంబరు కొట్టేసి లెక్కలన్నీ మళ్ళీ చూశారు. పేర్రాజుకీ జబ్బులేనివాళ్ళకీ పెద్ద తేడా లేదు.

"మీరు చేపలు మానేసినందుకే బాగుపడలేదని ఇందులో ఎక్కడా లేదమ్మా. ఆ జబ్బు ఎందుకొస్తుందో మాకే ఇంకా సరిగ్గా తెలీదు."

వీరవేణి బావురుమంది. చాలాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పులసని నూరి మిషన్లో పోశారా? చేతులెలా వచ్చాయండీ మీకు!" అని ఫక్కున నవ్వింది.

నూకరాజు ఉద్యోగం ఊడలేదు. మోటారు పాతబడిందని ఊడింది నాదే. వెనక షెడ్డులో పాత ఫైళ్ళు మోస్తున్నాను. ఏటా శ్రావణంలో వీరవేణి చేపలపులుసు పంపితే, నూకరాజు క్యారేజీ నా నెత్తిన పెట్టుకునే తింటాడు. ముందుగా ఒక ముక్క పేర్రాజుకని పక్కన పెడతాడు. దానికి మాత్రం నంబరు వేయడు.