ఇరవై రెండు ఎర్ర చీటీలు

మా ఇనుప కర్మాగారంలో గాలి గొట్టాల పొడవు ఎంతో నాకు తెలియదు కానీ, వాటిలో ఎక్కడ ఏ అతుకు వదులైనా నాకు తెలిసిపోయేది. గాలిని నొక్కి ఆ గొట్టాల్లోకి పంపే కంప్రెసర్ల గదిలో ఇరవై ఏడేళ్లు పనిచేశాను. సుత్తులు కొట్టేదీ, అచ్చుల మీది ఇసుక దులిపేదీ, బరువులు ఎత్తేదీ ఆ గాలే. అది కారిపోయేటప్పుడు సన్నగా సుయ్‌మంటుంది. వినడంలో నా గొప్పేమీ లేదు. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇస్తాడు. నాకు చెవులిచ్చాడు.

కిందటేడు కర్మాగారం గోడల నిండా ఆకుపచ్చ బోర్డులు వెలిశాయి. పొగ తగ్గించాలి, కరెంటు తగ్గించాలి, లేకపోతే ఇకమీదట మన ఇనుము కొనేవాళ్లుండరు అని పైవాళ్లు చెప్పారు. ఆ పని చూడడానికి వచ్చిన ఇంజనీరమ్మకు మావాళ్లు పొదుపు మేడం అని పేరు పెట్టారు. రెండుసార్లు పీల్చే ఊపిరి ఒకసారి పీల్చమంటుందేమో జాగ్రత్త అని క్యాంటీన్లో నవ్వుకునేవారు. మనిషి మాత్రం మంచిది. ఒక ఆదివారం నన్ను పిలిపించి మీటరు చూపించింది. కర్మాగారంలో నరమానవుడు లేడు, అయినా కంప్రెసర్ తిరుగుతూనే ఉంది. ఈ గాలి ఎవరు వాడుతున్నారని అడిగింది. ఎవరూ వాడడం లేదు, అంతా కారిపోతున్నదే. ఆ గాలి కోసం ఎక్కడో బొగ్గు కాలుతోంది, ఎవరి పిల్లలో ఆ పొగ పీలుస్తున్నారు. ఇన్నేళ్లూ ఈ మాట నాకెందుకు తట్టలేదా అని సిగ్గుపడ్డాను.

కొత్త కంప్రెసర్ వచ్చింది. ఎంత గాలి కావాలో అంత వేగంతోనే తిరుగుతుంది. కారడం ఆగితే పాత మూడు కంప్రెసర్ల పనీ అదొక్కటే చేస్తుందన్నారు. అందుకని ఆదివారాలు నేను గొట్టాల వెంట నడవాలి. చప్పుడు వినపడిన చోట సబ్బు నురగ రాయాలి. బుడగ పొంగితే అక్కడ ఎర్ర చీటీ కట్టి, మీద నా నంబరు వేయాలి. సోమవారం ఫిట్టర్లు వచ్చి ఆ అతుకు బిగిస్తారు. సబ్బు డబ్బా పట్టుకుని నా వెనక నడిచేవాడు నా బావమరిది. పగటి షిఫ్టులో మేమిద్దరమే. వాణ్ణి ఆ పనిలో పెట్టించింది నేను, కారే చప్పుడు పసిగట్టడం నేర్పిందీ నేనే. వాడికి ఇద్దరు చిన్నపిల్లలు. మరో పని రాదు.

నలభై చీటీలు కట్టాక నోటీసు పడింది. ఫలానా రోజున కొత్త యంత్రం ఒక్కటే నడుస్తుంది. సుత్తుల షాపూ, అచ్చుల షాపూ అన్నీ పనిచేస్తుండగా గాలి ఒత్తిడి చూపే ముల్లు ఏడు దగ్గర నిలిస్తే పాత మూడూ తుక్కుకు పోతాయి. ఆపైన షిఫ్టుకు ఒక్క మనిషి చాలు. వారం వారం గొట్టాలు వినగలిగినవాడు ఉంటాడు. అంటే నేను.

బావమరిది నోటీసు చదివి నవ్వాడు. "వచ్చింది ఒకటి, పోయేవి నాలుగు. మూడు కంప్రెసర్లూ, నేనూ," అన్నాడు.

ఆ సాయంత్రం ఉతికిన బట్టలు మడతపెడుతూ నా భార్య అంతా విన్నది. తమ్ముడి గురించి ఒక్క మాట అడగలేదు. చివరి దుప్పటి మడిచి పక్కన పెట్టి, "మీ చెవులకు అన్నీ వినపడి తీరాలా ఏమిటి?" అంది.

తర్వాతి ఆదివారం సుత్తుల షాపులో పైవరస గొట్టాల కింద నడిచాను. కారే చోట్లు ఇరవై రెండు. ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ, ఏమీ విననట్టు నడిచిపోయాను. అవి అలాగే ఉంటే పరీక్షనాడు ముల్లు ఏడు కిందికి దిగుతుంది, ఒక పాత కంప్రెసరైనా ఉంచక తప్పదు, దానితో పాటు వాడూ ఉంటాడు. నోటితో నేను అబద్ధమాడలేదు. కాళ్లతో ఆడిన అబద్ధం నీకు ఎక్కుతుందా స్వామీ అని మర్నాడు పొద్దున్న దండం పెట్టుకుంటూ అడిగాను. ఆ పొగ పీల్చే పిల్లల సంగతి ఏమిటని కూడా అడిగాను.

పరీక్ష రోజు ముల్లు మీద నుంచి చూపు తిప్పలేదు. సుత్తులన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. ముల్లు ఏడు దగ్గర కొద్దిగా వణికి, అక్కడే నిలిచింది. మధ్యాహ్నం దాకా అలాగే ఉంది.

భోజనాల వేళ సుత్తుల షాపుకు పోయి నిచ్చెన ఎక్కాను. అతుకులన్నీ కొత్తగా బిగించి ఉన్నాయి. ఒకచోట ఫిట్టరు విప్పడం మరిచిన చీటీ ఇంకా వేలాడుతోంది. దాని మీద నంబరు నాది. రాత బావమరిదిది.

వాణ్ణి ఇసుక గుట్టల వెనక్కి తీసుకుపోయి, నువ్వే కట్టావా అని అడిగాను.

"మెల్లిగా బావా, ఎవరైనా వింటారు," అని అటూ ఇటూ చూశాడు. "ఆ ఆదివారం అన్నేసి చోట్ల సుయ్‌మంటుంటే నువ్వు తలెత్తకుండా పోయావు. నాకు గుండె జారిపోయింది. వయసు మీద పడితే చెవి తగ్గడం అందరికీ ఉన్నదేలే. కానీ మేడంకి తెలిస్తే నిన్ను ఇంటికి పంపేస్తారు కదా. అందుకే నువ్వు వెళ్లాక తిరిగొచ్చి నీ నంబరుతో కట్టేశాను. అక్కకు కూడా చెప్పలేదు. నా సంగతి ఎలాగూ అయిపోయింది. నువ్వన్నా నిలబడాలి."

నాకు వినపడిందిరా అంటే, మరి ఎందుకు వదిలేశావంటాడు. నీ కోసమే అంటే, తన చేతులతో తన పనిని తానే తీసేసుకున్నానని వాడికి తెలిసిపోతుంది. జీవితాంతం అది మోస్తాడు. వాడి భుజం తట్టి వచ్చేశాను.

మూడోనాడు పొదుపు మేడం నన్ను గదికి పిలిచింది. చివర్లో దొరికిన ఇరవై రెండే కాపాడాయని, నా చెవులకు దండం పెట్టాలని సంతోషంగా చెప్పి, సంతకానికి కాగితం నా ముందు పెట్టింది. అందులో ఉండేవాడి పేరు నాది, నెలాఖరుకు పోయేవాడి పేరు వాడిది. కలం చేతికి తీసుకున్నాను.

"ఆ ఇరవై రెండు నావి కావు మేడం. నాకు వినపడలేదు. విన్నది వాడు. నా పరువు పోకూడదని నా నంబరు వేశాడు," అన్నాను.

ఆమె కాగితం తన వైపు లాక్కుంది. ఉండాల్సింది ఎవరో నేనే తేల్చి చెప్పినట్టయింది. అయితే చెవి మందగించినవాణ్ణి యంత్రాల దగ్గర ఉంచకూడదని నియమం ఉందట. డాక్టరు చూడాలంది.

చెవి డాక్టరు దగ్గర బీరువా అంత గది ఉంది. లోపల కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలి. మందపాటి తలుపు మూశారు. అంత నిశ్శబ్దం నా జన్మలో ఎరగను. నా ఊపిరీ, నా నెత్తురూ నాకే వినపడుతున్నాయి. మొదటి చప్పుళ్లు పెద్దవి, నొక్కాను. తర్వాత సన్నబడ్డాయి. ఇంకా సన్నబడ్డాయి. ఏ గొట్టంలోనూ అంత సన్నగా కారగా నేను వినలేదు. అన్నీ వినపడ్డాయి, ఒక్కటీ తప్పలేదు. ప్రతిసారీ బొటనవేలు తనంతట తానే లేచేది. దాన్ని రెండో చేత్తో అదిమిపట్టాను. నువ్విచ్చిన దాన్ని ఇవ్వలేదంటున్నాను, నా మీద కోపగించుకో, ఈ వేలిని మాత్రం కదలనీయకు అని ప్రార్థించాను. అలాంటి ప్రార్థన కూడా ఉంటుందా? అద్దం అవతల డాక్టరు ఏదో రాసుకుంటూ జాలిగా నా వైపు చూశాడు.

ఆరేళ్లు మిగిలి ఉండగానే ఇంటికి వచ్చేశాను. గదిలో ఇప్పుడు కొత్త యంత్రమూ, వాడూ ఉన్నారు.

ఊరంతా నాతో అరిచి మాట్లాడుతోంది. బావమరిది పిల్లలు నోరు నా చెవిలో పెట్టి కేకలేస్తారు. నాకు వినపడాలని టీవీ గోడలదిరేలా పెడతారు. వెనక గిన్నె పడినా మెడ తిప్పకూడదు. పక్కింటాయన పలకరిస్తే రెండుసార్లు ఏమిటనాలి. ఒక్కసారి ఏమరుపాటున బదులిస్తే, ఆ మాట కర్మాగారం దాకా పోతే, మళ్లీ వాడి మెడకే చుట్టుకుంటుంది. నిజం తెలిసిన నా భార్య కూడా నలుగురిలో గొంతు పెంచుతుంది. ఎవరూ లేనప్పుడు మేమిద్దరం మాట్లాడుకోవడమే తగ్గిపోయింది.

నిన్న సాయంత్రం బావమరిది వచ్చాడు. నేను అరుగు మీద వాళ్లకు వీపు పెట్టి చెప్పులు కుట్టుకుంటున్నాను. లోపల వాడు అక్కతో మెల్లిగా అంటున్నాడు.

"ఆ చీటీలు నేను కట్టకుండా ఉండాల్సిందక్కా. బావకు వినపడనివి నేనెందుకు పట్టుకోవాలి? ఆ యంత్రం ముందు కూర్చుంటే ఆయన కుర్చీ లాక్కున్నట్టే ఉంటుంది. రేపు మేడం దగ్గరికెళ్లి మానేస్తానని చెప్పేద్దామనుకుంటున్నాను."

నా భార్య నా వీపు వైపే చూస్తోందని తెలుస్తూనే ఉంది. సూది తోలులో సగం దిగి ఆగింది. ఇప్పుడు లేచి వద్దురా అంటే విన్నట్టు తేలిపోతుంది. అనకపోతే రేపు వాడు వెళతాడు.

చెప్పు కింద పెట్టి, లేచి లోపలికి వెళ్లాను. వాడు కళ్లు తుడుచుకుని నవ్వాడు.

"ఏమిట్రా ఇద్దరూ గుసగుసలు? కాస్త గట్టిగా చెప్పు. ఆ యంత్రం దగ్గర నువ్వున్నావనే నేను నిశ్చింతగా ఉన్నాను," అన్నాను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"ఏం లేదు బావా," అని వాడు ఇల్లదిరేలా అరిచాడు. "యంత్రం బాగా తిరుగుతోంది అంటున్నా."